క్యాన్సరు గుర్తింపునకు సెల్‌ఫోను సాయము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగము)



అడ్డపొగ అనగానేమో మీలో శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల వారికి చెప్పనక్కరలేదు. చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పొగ త్రాగుట అచ్చటి పల్లెలలో, ముఖ్యముగా స్త్రీలలో, చిరకాలపు అలవాటు. ఆ వేడిమియు పొగయు తిన్నగా అంగిలికి తగులును. కోస్తా ఆంధ్రమున అంగిలి క్యాన్సరునకు ఇదియే కారణమని 1957లోనే వైద్యులు వ్రాసిరి. అంగిలి ఎవరి కంటికిని కనబడని చోటు. మొదట నొప్పి యుండదు గనుక రోగియు చెప్పదు. మ్రింగుట కష్టమైన పిమ్మట పట్టణమునకు కొనిపోవుదురు. అప్పటికి వైద్యుడు చేయగలుగునది కొంచెమే.

ముప్పది యేండ్లు దాటిన వారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు పరీక్షలు చేయు ప్రభుత్వ కార్యక్రమము మన దేశమున కలదు. ఆశా కార్యకర్త ఇంటింట వివరము లడుగును. అవి ఆరోగ్యశాఖ కంప్యూటరులో నమోదగును. నోట తెల్లమచ్చ గాని ఎర్రమచ్చ గాని కనబడినచో, ఫోను దీపపు వెలుగున ఫొటో తీసి వైద్యునకు పంపవచ్చును. 2019లో ప్రారంభమైన ఈ-సంజీవని ద్వారా ఉపకేంద్రము నుండియే దూరపు వైద్యునితో ముఖాముఖి మాటాడవచ్చును. కూలిడబ్బు పోదు, బస్సు చార్జీ లేదు.

అయితే ఫోను ముక్క తీసి పరీక్షింపలేదు, శస్త్రచికిత్స చేయలేదు. అందుకు పెద్దాసుపత్రికి పోవలసినదే. అక్కడనే మనవారు జారిపోవుచున్నారు. తోడు లేక కొందరు, భయముచేత కొందరు, కోతలు ముగియనిమ్మని కొందరు ఆగిపోవుదురు. కంప్యూటరులో పేరెక్కినది గనుక పని పూర్తియైనదని తలచుట, నా యభిప్రాయమున, అసలు పరీక్షింపకుండుట కంటె ప్రమాదకరము.

ఒక చిన్న సంగతి. నమోదైన నంబరు ఎవరిది? అనేక గృహములలో ఫోను కుమారుని జేబులో నుండును. అతడు హైదరాబాదులో పనిలో నుండవచ్చును. "మరల రండు" అను కబురు అతనికి చేరును, తల్లికి చేరదు. నంబరు వ్రాయించునపుడే ఈ ప్రశ్న అడుగవలెనని కార్యకర్తకు చెప్పుడు. చదువురాని వారికి కబురు నోటిమాటగా అందవలెను.

ఉపకేంద్రమున సిగ్నలు అందునా, విద్యుత్తు నిలుచునా, స్త్రీలను పరీక్షించు గదికి తలుపు, తెర ఉన్నవా అనునవి మీరు స్వయముగా పోయి చూడదగినవి. ఆసుపత్రికి పోవలసిన వారికి వాహనము, ఒక తోడుమనిషి కుదుర్చుట పంచాయతీకి మోయరాని భారము కాదు.

వచ్చు నెల సమావేశమునకు ఆశా కార్యకర్తను పిలిచి రెండు లెక్కలు మాత్రము అడుగుడు: పెద్దాసుపత్రికి పొమ్మన్నవారెందరు, పోయినవారెందరు. పేర్లు అడుగకుడు, ఇంటివారికే చెప్పుకొనలేక వచ్చిన స్త్రీలు అందులో నుందురు.