నుదుటి రాత



పాపను బడి ఎందుకు మాన్పించారని అడిగితే కొందరు "దాని నుదుట రాయలేదు" అంటున్నారు. మగపిల్లాణ్ణి చేర్పించేటప్పుడు మాత్రం నుదురు ఎవరూ చూడరు!

కర్మ అంటే చేసిన పని, దాని ఫలితం. పెద్దలు దాన్ని మూడు రకాలుగా చెప్పారు. గాదెలో ధాన్యం ఉందనుకోండి. అది సంచితం. వెనకటి జన్మల్లో పోగుపడింది. అందులోంచి తీసి ఇప్పుడు వండుకు తింటున్నది ప్రారబ్ధం. ఇది అనుభవించాల్సిందే అంటారు. మరి ఈ ఏడు మనం చల్లే విత్తనం? అది ఆగామి. ఏ విత్తనం చల్లాలో మన ఇష్టమే కదా! తలరాత అనేవాళ్లు ఈ మూడోదాన్ని మర్చిపోతారు.

భారతంలో సావిత్రి ఉంది. సత్యవంతుడికి ఏడాదే ఆయుష్షని నారదుడు పెళ్లికి ముందే చెప్పాడు. ఆమె రాత అని ఊరుకుందా? యముడి వెంట నడిచింది. ఆయనిచ్చిన వరాలతోనే ఆయన్ని కట్టేసి, మొగుణ్ణి దక్కించుకుంది.

బడి కాగితం మీద ఇప్పుడు మీరే సంతకం పెట్టగలరు. రేపు ఆ పాప వాళ్లమ్మను తీసుకురండి. కాగితం నేను తెస్తాను.