శబరి ఒడ్డున కుంట



భద్రాచలం నుంచి చింతూరు మీదుగా పైకి పోయే బస్సు ఎక్కితే, రాష్ట్రం దాటాక వచ్చే ఊరు కుంట. తెలుగువాళ్లు కుంట అంటారు. హిందీలో కోంటా అని రాస్తారు. అది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా. ఊరి పక్కనే శబరి నది. నదికి అవతల ఒడిశా. అదే శబరి కిందికి వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది.

కుంట బజారులో తెలుగు వినబడుతుంది, హిందీ వినబడుతుంది, దోర్ల మాట, కోయ మాట కూడా వినబడతాయి. చుట్టరికాలు గీతకు రెండు వైపులా ఉన్నాయి. మిరపకోతల కాలం వస్తే అక్కడి జనం ఖమ్మం వైపు కూలికి రావడం పాత అలవాటే.

అడవి ఊళ్ల వాళ్లకు సంతే పెద్ద ఆధారం. చింతపండు, ఇప్పపువ్వు తెచ్చి అమ్ముతారు. ఉప్పు, ఎండుచేపలు, సబ్బు, గుడ్డలు కొనుక్కుపోతారు.

1980లో పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటి ఈ అడవుల్లోకి వెళ్లాయి. తునికాకు కూలి రేటు పెంచాలన్నారు. ఫారెస్టు వాళ్ల జులుం ఆపాలన్నారు. జనం విన్నారు, వెంట నడిచారు. ఇది నిజం. 'ఇన్ఫార్మర్' అని పేరు పడ్డ మనిషి ప్రాణం దక్కకపోవడమూ అంతే నిజం. 2004లో ఈ పార్టీ ఇంకో పార్టీతో కలిసి మావోయిస్టు పార్టీ అయింది.

2005 జూన్‌లో బీజాపూర్ వైపు సల్వాజుడుం మొదలైంది. సర్కారు దాన్ని శాంతి యాత్ర అంది. 2006 మొదట్లో అది కుంట ప్రాంతానికి వచ్చింది. అడవి ఊళ్లు ఖాళీ అయ్యాయి. రోడ్డు పక్కన దోర్నపాల్, ఎర్రబోరు, ఇంజరం, కుంటలో శిబిరాలు లేచాయి. శిబిరానికి వచ్చినవాడు సర్కారు మనిషి. ఊళ్లో ఉండిపోయినవాడు అన్నల మనిషి. ఎవరి మనిషీ కాకుండా తన చేను తాను దున్నుకునేవాడికి చోటే లేకుండా పోయింది.

2006 జూలైలో ఒక రాత్రి మావోయిస్టులు ఎర్రబోరు శిబిరం మీద పడ్డారు. ముప్పై మంది దాకా చనిపోయారు. వారిలో పసిపిల్లలు ఉన్నారు. 2011 మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం ఊళ్లలో ఇళ్లు తగలబడ్డాయి. ఆ కేసులో సీబీఐ కొందరు స్పెషల్ పోలీసు ఆఫీసర్ల మీద నేరం మోపింది.

ఈ స్పెషల్ పోలీసులు ఎవరు? ఎక్కువమంది ఆదివాసీ కుర్రాళ్లే. నెలకు 3,000 రూపాయలు. ఐదో తరగతి పాసైతే ముందు వరుస. అంత చదువుతోనే చేతికి తుపాకీ వచ్చేది. 2011 జూలై 5న సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. ఇంత తక్కువ చదువున్న పిల్లలకు చట్టం ఏం తెలుస్తుంది, వాళ్లను పోరుకు ఎట్లా పంపుతారు అని అడిగింది. వాళ్ల చేతుల్లోని తుపాకులు వెనక్కి తీసుకోమంది.

ఇక సంత సంగతి చూడండి. ఒక ఆడమనిషి అడవి ఊరి నుంచి సంతకు వచ్చిందనుకోండి. పది ఇళ్ల వాళ్లు డబ్బులిచ్చి సరుకులు తెమ్మన్నారు. అంత దూరం రోజూ ఎవరు నడుస్తారు? కానీ మూట పెద్దదైతే దారిలో పోలీసులు ఆపుతారు.

"ఇంత బియ్యం ఎవరికి? అన్నలకా?"

జ్వరం బిళ్లలు నాలుగు ఎక్కువున్నా అదే ప్రశ్న. సరే, ఎట్లాగో ఊరు చేరింది. అక్కడ ఇంకో ప్రశ్న.

"సంతలో ఎవరితో మాట్లాడావు? శిబిరంలో ఉన్న నీ తమ్ముణ్ణి కలిశావా?"

తమ్ముడు కనబడితే అక్క పలకరించకుండా ఎట్లా పోతుంది?

బడి సంగతీ అంతే. బడి గదుల్లో బలగాలు దిగాయి. బలగాలు దిగుతాయని మావోయిస్టులు బడులు పేల్చారు. చివరికి పిల్లల కోసం రోడ్డు పక్కన వెదురు తడికెలతో హాస్టలు బడులు కట్టారు. పలక పట్టాలంటే పిల్ల తల్లిని వదిలి రావాలి.

ఆ తర్వాత కూడా ఆ రోడ్డు కుదుటపడలేదు. 2025 జూన్ 9న కుంట దగ్గర మందుపాతర పేలి పోలీసు అదనపు ఎస్పీ ఒకరు చనిపోయారు.

శిబిరానికీ పోలేక, ఊళ్లోనూ ఉండలేక వేలమంది గీత దాటి ఇటు వచ్చేశారు. ఖమ్మం, వరంగల్, గోదావరి జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. అక్కడ వాళ్లు ఎస్టీలు. ఇక్కడ గొత్తికోయలంటారు, ఎస్టీ సర్టిఫికెట్ దొరకడం కష్టం. భూమి పట్టా కావాలంటే, అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచే సాగులో ఉండాలి. కుంట వైపు ఊళ్లు ఖాళీ అయింది 2006లో! ఆ తేదీ వాళ్లను చూసి పెట్టినట్టే ఉంది.

2019లో కొన్ని కుటుంబాలు కుంట దగ్గరి మరాయిగూడేనికి తిరిగిపోయాయి. మిగిలినవాళ్లలో పెద్దలకు వెనక్కి పోవాలని ఉంది. కానీ అక్కడి భూమి కాగితాలు హిందీలో ఉంటాయి. ఇక్కడ పుట్టి బడికి పోయిన పిల్లలు నేర్చింది తెలుగు అక్షరాలు. తాత పేరున ఉన్న చేను ఏదో తేల్చుకోవాలంటే ముందు కుంట తహసీలు ఆఫీసుకు పోవాలి. ఆ కాగితం చదివి చెప్పే మనిషిని వెంట తీసుకుపోవాలి.