సాముగరిడీలును యంత్రక్రీడలును
(మహాసభ రెండవనాటి సాయంకాలము చేసిన యుపన్యాసము)



కార్యక్రమపత్రమున నా పేరునకెదురుగా నున్న విషయమును చదివి మీలో పలువురు నవ్వుకొనియుందురు. ముప్పదియైదేండ్లు శబ్దమంజరియు రఘువంశమును చెప్పిన ముదుసలి పంతులునకు వీడియో గేములతో నేమి పని? ఆ పని నేను వెదకికొన్నది గాదు. మాదాపురములోని యొక కంపెనీలో నుద్యోగము చేయు మన యువకులు ముగ్గురు నిరుడు నా యింటికి వచ్చిరి. కాకతీయకాలపు యుద్ధము నొక ఆటగా తయారు చేయుచున్నారట. "మాస్టారూ, కుంగ్‌ఫూ గాని జపాను కత్తివిద్య గాని కావలెనన్న వేయి వీడియోలు దొరకును. మనవారు కత్తి పట్టి యెట్లు నిలిచిరో చెప్పు పుస్తక మేదైన నున్నదా?" అని యడిగిరి. ఆ ప్రశ్న నన్ను సంవత్సరమునుండి నిద్రపోనీయలేదు. నేను చదివినదియు చూచినదియు మీకు విన్నవింతును. చివర పోషకులకు నొక మనవి గలదు.

పెద్దల కొఱకు రెండు మాటలు ముందు చెప్పవలయును. ఇది పిల్లలు టెలిఫోనులలో కాలము పుచ్చు వ్యసనము మాత్రమే యని తలపకుడు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైననాడు ఆ ప్రాంతమంతయు రాళ్లగుట్టలు. ఒకప్పుడు గోలకొండకు నీరిచ్చిన దుర్గంచెఱువు ఒడ్డున నిప్పుడు వేలకొలది జనులు రాత్రింబవళ్లు కంప్యూటరుల మీద పనిచేయుచున్నారు. వారిలో ఆటలు తయారుచేయువారును గలరు. హైదరాబాదునందలి ఓగర్ హెడ్ స్టూడియోవారు 2017లో 'అసుర' యను ఆటను వెలువరించిరి. అది మన పురాణచ్ఛాయలతో నల్లిన పోరాటపు ఆట. భారతదేశపు ఆటల నిర్మాతల మహాసభలు 2022లోను, 2023లోను మన నగరముననే జరిగినవి. కావున నీ వృత్తి మన పిల్లలకు జీవనోపాధియై యున్నది.

ఇట్టి ఆటలలో పోరాటమును చూచి వ్రాయుట యన్యదేశములలో క్రొత్త గాదు. అమెరికాలో జోర్డన్ మెక్నర్ అను విద్యార్థి 1984లో 'కరాటేకా' యను ఆటను ప్రకటించెను. అందుకై యతడు కరాటే గురువు నొకని చలనచిత్రము తీసి, ఒక్కొక్క భంగిమమునే గీఁతలలోనికి దించెను. 1989 నాటి 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'కు తమ్ముని పరుగెత్తించి దుమికించి చిత్రించెను. కత్తియుద్ధమునకు 1938 నాటి రాబిన్ హుడ్ సినిమాలోని ద్వంద్వమును చూచి గీచెను. 2022లో ఫ్రాన్సుదేశీయులు 'సిఫు' యను ఆటను చైనాలోని పాక్ మెయి యను నొక్క సంప్రదాయమునే యాధారముగా చేసికొని నిర్మించిరి. ఇప్పుడైన సామువానికి మెఱయు గుండీలు తొడిగి, చుట్టును కెమేరాలు పెట్టి, యతని యొడలి కదలిక నంతయు యంత్రములోనికి గ్రహింతురు. కాని గ్రహించుటకు మొదట సామువాడు దొరకవలెను గదా!

ఇక మన గ్రంథములు. అగ్నిపురాణమున ధనుర్వేదమును చెప్పు నధ్యాయములు గలవు. అందు యోధుడు నిలుచు స్థానములు కొలతలతోసహా చెప్పబడినవి. సమపాదమున రెండు పాదములును కలిసియుండును. వైశాఖమున పాదముల నడుమ మూడు వితస్తులు, మండలమున నాలుగు, ఆలీఢమున కుడిమోకాలును తొడయు బిగించి యైదు వితస్తులు. దానిని తిరుగవేసిన ప్రత్యాలీఢము. వితస్తి యనగా మన జేన. ఐదు జేనలనగా ఇంచుమించుగ నాలుగడుగుల వెడల్పు. మీలో నెవరైన నింటికి పోయి యంత వెడల్పుగా నిలిచి చూడుడు. తొడలు రెండు నిమిషములకే వడకును. నేను చూచితిని. ఆ పురాణముననే కత్తిడాలులు పట్టినవాని గతులు ముప్పదిరెండు చెప్పబడినవి: భ్రాంతము, ఉద్భ్రాంతము, ఆవిద్ధము, ఆప్లుతము, శ్యేనపాతము మొదలగునవి. డేగ వ్రాలినట్లు పడుట శ్యేనపాతమని పేరే చెప్పుచున్నది. తక్కినవానిలో పెక్కింటికి పేరు మిగిలినది గాని పద్ధతి మిగులలేదు.

ఈ పిల్లలకు నేను ధనుర్వేదమున కంటె నెక్కువగా చూపినది నాట్యశాస్త్రము. ఆశ్చర్యపడవలదు. వైశాఖమండలాలీఢములు భరతుని గ్రంథమునందును అవే పేళ్లతో నున్నవి; కొలతలును ఇంచుమించుగ సరిపోవును. ఆయన రంగస్థలముపై నాయుధములు ప్రయోగించు పద్ధతులను 'న్యాయము'లని నాలుగుగా విభజించెను. భారతన్యాయమున దెబ్బ నడుమునకు, సాత్త్వతమున పాదమునకు, వార్షగణ్యమున రొమ్మునకు, కైశికమున శిరస్సునకు. మఱియు రంగముపై నిజముగా పొడువరాదు, నఱకరాదు, నెత్తురు చిందరాదు. ప్రయోగమంతయు నభినయముతోనే జరుగవలయునని శాసించెను. అనగా యుద్ధమును క్రీడగా మార్చు పనిని గూర్చి మనవారు బహుకాలము క్రిందటనే యాలోచించిరి. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 1253-54 ప్రాంతమున 'నృత్తరత్నావళి'ని రచించెను. ఏనుగుల దండును నడపినవాడే నాట్యలక్షణమును వ్రాసినాడు; అందు పేరణినృత్తమును వర్ణించినాడు. దానినే మన కాలమున నటరాజ రామకృష్ణగారు పునరుద్ధరించిరి.

గ్రంథముతో పని ముగియునా? ముగియదు. 'సాము' అను మాట 'శ్రమ' శబ్దమునకు తద్భవము. సంస్కృతమున శ్రమమనగా నాయుధాభ్యాసమను నర్థమును గలదు. చెమట యోడ్చినగాని రాదని యా మాటలోనే యున్నది. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్ కృష్ణదేవరాయల ప్రాతఃకాలమును వర్ణించినాడు: తెల్లవాఱకముందే నువ్వులనూనె త్రాగి, ఒడలికి రాచుకొని, మట్టితో చేసిన పెద్దబరువు లెత్తి, త్రాగిన నూనె చెమటగా వెడలువఱకు కత్తి త్రిప్పి, జెట్టి యొకనితో కుస్తీపట్టి, ఆపై గుఱ్ఱమెక్కెడివాడట. ఆనాటినుండి నిన్నమొన్నటి కోడి రామమూర్తి నాయుడుగారి దాక నీ శ్రమ విడువలేదు. హైదరాబాదు పాతబస్తీ తాలీములలోను, అరబ్బు సైనికుల సంతతివారుండు బార్కాసులోను కుస్తీ నేటికిని గలదు.

కాబట్టి ఆ యువకులతో కూడి విజయనగరముజిల్లాలోని యొక పల్లెకు పోయితిమి. అచ్చట డెబ్బదేండ్లు దాటిన కఱ్ఱసాము గురువొకరు గలరు. కాఫీ త్రాగి, పంచె బిగించి, ఆయన కఱ్ఱ త్రిప్పినప్పుడు నాకు కఱ్ఱ కనబడలేదు, చప్పుడు మాత్రము వినబడినది. పిల్లలు దానిని సెకనునకు అరువది చిత్రముల వంతున తీసిరి. భుజమునుండి దెబ్బ దిగుటకు పది చిత్రములైన పట్టలేదు.

ఇక్కడనే చిక్కు వచ్చినది. మనుష్యుడు కంటితో చూచి చేతితో స్పందించుటకు సెకనులో నైదవవంతు కావలెనట. అనగా పండ్రెండు చిత్రములు. గురువుగారి దెబ్బ నున్నదున్నట్లు ఆటలో పెట్టగా, ఆడి చూచినవారందఱు ఇది మోసమనిరి. సామువిద్య దెబ్బను దాచుటకు పుట్టినది; ఆట దెబ్బను ముందుగా తెలుపవలసినది. పిల్లలు దెబ్బ వేగము తగ్గించిరి. అప్పుడది చల్ల చిలుకుచున్నట్లుండెను. మరల గురువుగారి యొద్దకు పోయి విన్నవించితిమి. ఆయన నవ్వి, కఱ్ఱను చూడవద్దు, నా కాళ్లను చూడుడని చెప్పిరి. దెబ్బకు ముందు పాదము జరుగును, మడమ తిరుగును, నడుము దిగును. ఎఱిగినవాడు కఱ్ఱను చూడడు, అడుగును చూచి తప్పుకొనును. పిల్లలు దెబ్బను నెమ్మది చేయుట మాని, మండలమునుండి ఆలీఢమునకు వచ్చు నడుగును కొంచెము సాగదీసిరి. దెబ్బ దెబ్బగానే యున్నది, ఆడువానికి తెలిసినది. స్థానమును గ్రంథము చెప్పెను. దాని ప్రయోజనమును అక్షరజ్ఞానము లేని గురువు చెప్పెను. నా సంస్కృతము సగము పనికే చాలినది.

ఇక్కడ నొక మాట. కుంగ్‌ఫూ మన బోధిధర్ముడు నేర్పినదే యని మన సభలలో చప్పట్ల నడుమ పలుమాఱు వినుచుందును. 17వ శతాబ్దపు చీనాగ్రంథమునకు ముందు ఆ మాట కానరాదని చరిత్రకారులు తేల్చినారు. పెరటిలోని కఱ్ఱసామును చూడనివారికి పరదేశపు గొప్ప నంటగట్టుకొను తొందర యేల?

ఇప్పుడు నా మనవి. మన కులములోని యొక వీరుని కథను ఆటగా తీయింపవలెనని, దానికి ధనసహాయము చేయుదమని పోషకులు నిన్న సూచించిరి. వారి యౌదార్యమునకు నమస్కారము. కాని నేను సమ్మతింపజాలను. సాము ఏ యొక్క కులముదియు గాదు. గరిడీలో నెవడు మట్టి పూసికొన్న వాడే శిష్యుడు. 12వ శతాబ్దపు పల్నాటిపోరున బ్రహ్మనాయుని సేనకు నాయకుడైన కన్నమదాసు మాలకులమువాడు. కారెంపూడిలో నేటికిని కార్తికమున వీరుల యాయుధములను కొణతములని పూజింతురు. అచ్చట నాయుధము ముందు కులము వేఱుగా నిలువదు. మన వీరుడొక్కడే శూరుడై తక్కినవారందఱు పడిపోవు ఆటను తీసినచో మనవారే కొని మనవారే యాడుకొందురు. రెండవ కులమువారు మఱియొక ఆట తీయుదురు. దానివలన సాము బ్రదుకదు.

అంతకంటె నా గురువువంటివారు శ్రీకాకుళమునుండి పాలమూరుదాక నే యూర నున్నారో వెదకించి, వారి కదలికలను కెమేరాలతో గ్రహింపజేసి భద్రపఱుపుడు. ఆయనకు శిష్యులు లేరు. కుమారుడు విశాఖలో నాటో నడుపుచున్నాడు. అట్టివారి యొడలినుండి తీసిన గతులతో కంపెనీలు లాభము పొందునప్పుడు, వారికి శాలువ కప్పి పంపివేయుట న్యాయము గాదు. పని చేసిన దినములకు కూలియు, ఆట మొదట వారి పేరును, అమ్మకములో నొక భాగమును కాగితముపై వ్రాసి యీయవలెను. చదువురానివారు గనుక సంతకమునకు ముందు కాగితమును తెలుగున చదివి వినిపించువాడొకడు ప్రక్కన నుండవలెను. ఆ పనికి నేను సిద్ధముగా నున్నాను. బస్సుఖర్చులు మాత్రము సంఘమువారు భరింపవలెను.

గురువు లే కులమువారైనను సరే, మీ మీ యూళ్లలో కఱ్ఱసాము, కత్తిసాము, కుస్తీ యెఱిగిన పెద్దలుండినచో వారి పేరును, వయస్సును, గ్రామమును ఒక కాగితముపై వ్రాసి, భోజనములకు లేచుటకు ముందు కార్యదర్శిగారి బల్లమీద నుంచవలెనని ప్రార్థించుచున్నాను. ఎనుబదేండ్లు దాటినవారి పేళ్ల ప్రక్కన నొక గీఁత గీయుడు. వారి యూళ్లకు ముందుగా పోవుదుము.