రోగి రక్షణ – నర్సు గోప్యత

వేలిముద్ర అనగానే మన తెలుగునాట మూడు తావులు స్ఫురిస్తాయి. ఒకటి, సంతకం రానివాడు నిశాని వేసే అప్పుపత్రం; రెండు, చదువు వచ్చినా రాకపోయినా బొటనవ్రేలు ఆనించక తప్పని రిజిస్ట్రారు కచేరీ; మూడు, పోలీసు ఠాణా. మొదటిదానిలో కొంత చిన్నతనం, రెండవదానిలో జాగ్రత్త, మూడవదానిలో అనుమానం ఉన్నవి. చదివి, పరీక్షలలో కృతార్థురాలై, రాత్రింబవళ్ళు రోగులకు పరిచర్య చేసే నర్సును పది వేళ్ళ ముద్రలూ ఇమ్మని ప్రభుత్వం శాసిస్తే, ఆమె దానిని ఈ మూడింటిలో దేనిగా భావించవలె? అమెరికా రాష్ట్రాలలో ఈ ప్రశ్న పెద్ద చర్చకు దారితీసింది. అక్కడ పనిచేసే నర్సులలో మన ఆడపడుచులూ ఉన్నారు గనుక ఇది మనకు బొత్తిగా పరాయి విషయం కాదు.

కాలిఫోర్నియా సంగతి చూద్దాము. అక్కడి నర్సింగు బోర్డు 1990 నుండి కొత్తగా లైసెన్సు కోరేవారి వేలిముద్రలు తీసుకొంటూ వచ్చింది. అంతకు పూర్వం లైసెన్సు పొందినవారిని విడిచిపెట్టింది. 2008లో లాస్ ఏంజలెస్ టైమ్స్ పత్రిక, ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ కలిసి పరిశోధించగా, పలుమార్లు నేరం రుజువైనవారు సైతం కొందరు నర్సులుగా కొనసాగుతున్నారని బయటపడింది. ప్రజలలో అలజడి చెలరేగింది. 2009లో, పాతవారు కూడా లైసెన్సును పునరుద్ధరించుకొనేటప్పుడు వేలిముద్రలు ఇవ్వవలెనన్న నిబంధన వచ్చింది.

ఈ నిబంధనలో న్యాయం లేకపోలేదు. స్పృహ తప్పిన రోగి తన నర్సును తానెన్నుకోలేడు. సూదిలో ఏ మందున్నదో అడుగలేడు. మనిషి పేరు మార్చుకోవచ్చు, ఊరు మార్చుకోవచ్చు, వేలిగీతలను మార్చుకోలేడు. ఈ సత్యాన్ని పరిపాలనలో వినియోగించడం మన దేశంలోనే ఆరంభమయింది. 1858లో బెంగాలులో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక గుత్తేదారుచేత ఒప్పందపత్రంపై అరచేతి ముద్ర వేయించినాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలసింది. ముద్రలను వర్గీకరించే పద్ధతిని రూపొందించడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు భారతీయుల కృషి గొప్పది.

అయితే వేలిముద్రను ధిక్కరించిన చరిత్ర కూడా మనదే. ట్రాన్స్‌వాల్‌లోని భారతీయులందరూ వేలిముద్రలిచ్చి పేర్లు నమోదు చేసుకొనవలెనన్న శాసనాన్ని 1906 నుండి గాంధీజీ ఎదిరించినారు. ఆయనే, రాజీ కుదిరిన పిమ్మట, 1908లో స్వచ్ఛందంగా ముద్రలిచ్చినారు. ఆయన దృష్టిలో అవమానం సిరాలో లేదు. ఒక జాతినంతటినీ దోషులుగా చూసే నిర్బంధంలో ఉన్నది.

నేటి నర్సుల ఆక్షేపణలో ఆ ఆత్మగౌరవంతోపాటు మరి రెండు భయాలున్నవి. లైసెన్సు కొరకు ఇచ్చిన ముద్రను కాలిఫోర్నియా ప్రభుత్వం భద్రపరుస్తుంది. ఆ మనిషి తర్వాత ఎన్నడైనా అరెస్టయితే ఆ వార్త బోర్డుకు చేరుతుంది. అరెస్టు వేరు, నేరం రుజువు కావడం వేరు. కేంద్ర పోలీసు సంస్థ ఎఫ్.బి.ఐ. వద్దనున్న అరెస్టుల చిట్టాలో సుమారు సగానికి తుది తీర్పు వివరమే లేదని 2006లో అమెరికా న్యాయశాఖ నివేదికే ఒప్పుకొన్నది. నిర్దోషి అని విడుదలైనవారి పేరు పక్కన ఆ మాట లేకపోతే, వారి జీవనోపాధి ఏమి కావలె? రెండవ భయం చోరీ. 2015లో అమెరికా ప్రభుత్వోద్యోగ శాఖ నుండి 56 లక్షల మంది వేలిముద్రలు అపహృతమైనవి. తాళం పోతే మరొక తాళం కొనుక్కోవచ్చు, వేళ్ళను మార్చుకోలేము.

వేలిముద్రకు తెలియనిది మరొకటి ఉన్నది. చార్లెస్ కల్లెన్ అనే నర్సు న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల ఆసుపత్రులలో పనిచేస్తూ రోగులను చంపి, 2003లో పట్టుబడి, 29 హత్యలు చేసినట్లు ఒప్పుకొన్నాడు. అతడు అన్నేళ్ళు సాగగలగడానికి ముఖ్యకారణం, అతనిపై అనుమానం కలిగిన ఆసుపత్రులు అతనిని సాగనంపినవే గాని తర్వాతి ఆసుపత్రిని హెచ్చరించకపోవడం. ఇట్టి సమాచారాన్ని దాచరాదని న్యూజెర్సీ 2005లో చట్టం చేసింది. వేలిముద్ర ఈ మనిషి ఎవరో చెప్పగలదు. రేపు ఏమి చేస్తాడో చెప్పలేదు.

కనుక తూకం ఎట్లా? 2017లో పుట్టస్వామి కేసులో మన సుప్రీంకోర్టు, తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంగా, గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. ఆ హక్కులో జోక్యానికి చట్టం ఉండవలెననీ, న్యాయమైన ప్రయోజనం ఉండవలెననీ, ఆ ప్రయోజనానికి మించిన జోక్యం కూడదనీ వివరించింది. ఈ కొలత ఏ దేశానికైనా పనికివస్తుంది. రోగి రక్షణకై ముద్ర తీసుకోవచ్చు. దానిని వేరొక పనికి వాడరాదు. చిట్టాలో తప్పు ఉంటే, ఉద్యోగం పోకముందే ఆమె మాట వినవలె. ఆమె వృత్తి విడిచిన నాడు ముద్రను తొలగించవలె. నర్సుకు విధించిన నియమం డాక్టరుకూ వర్తించవలె.

మాటిమాటికీ చేతులు కడుగుకొనే నర్సుల వేలిగీతలు అరిగిపోయి, ముద్ర సరిగా పడలేదని యంత్రం తిరస్కరించడం కద్దు. రోగుల సేవలో అరిగిన చేతులవి. వాటిని ముద్ర అడుగుతున్నామంటే, అది అనుమానించి కాదు, రోగిపట్ల బాధ్యతవల్లనే అని నర్సుకు నమ్మకం కలిగించడం ప్రభుత్వం విధి. ఆ నమ్మకం లేనినాడు ముద్రలు పోగుపడతాయి గాని, ఆసుపత్రిలో విశ్వాసం పెరగదు.