కనుమ మీది గణితము

రాయచోటి ప్రాంతమునుండి కళాశాలకు పోయి గణితము తీసికొన్న పిల్లలు తొలిదినములను ఉత్సాహముతోనే గడుపుదురు. ఒక చలరాశి, ఒక వక్రరేఖ, దాని వాలు: ఇంటర్మీడియేటులో చూచినదే కదా! అటుపిమ్మట బహుచలరాశుల కలనగణితము వచ్చును. అప్పుడు కొందరు ఇంటికి వచ్చి, "నాయనా, ఈ లెక్కలు నాకు రావు, వేరే చదువు చదువుకొందును" అందురు. గది బాడుగకును పుస్తకములకును అప్పు చేసియున్న తలిదండ్రులకు ఏమి బదులు చెప్పవలెనో తోచదు. నేటి మా ప్రసంగము ముఖ్యముగా ఆ యింటివారి కొరకు.

ఈ శాస్త్రమునందలి చిక్కు ఏది? కొండవాలుపై నిలిచినవానిని "ఇచ్చట వాలెంత?" అని అడిగిన, "ఏ దిక్కునకు?" అని అతడు ఎదురు ప్రశ్న వేయవలసియుండును. తూర్పునకు నడచిన ఒక వాలు, ఉత్తరమునకు నడచిన మరియొకటి. ఒక రాశిని కదలనీయక రెండవదానివలన కలుగు మార్పును లెక్కించిన, అది పాక్షిక అవకలజము. ఈ రెంటిని జతపరచిన, అన్నిటికంటె నిటారుగా ఎక్కు దిక్కు తెలియును. దానికి ప్రవణత యని పేరు. వాననీరు దానికి ఎదురు దిక్కున పరుగిడును. దానికి లంబముగా అడుగు వేసినవాడు ఆ క్షణమున ఎక్కడు, దిగడు. మెట్టచేల రైతులు వాలునకు అడ్డముగా దున్నుటయు, సమోన్నత రేఖల వెంబడి గట్లు వేయుటయు ఈ సంగతినిబట్టియే. పేరు తెలియకపోయినను పని తెలిసినవారు వారు.

కడపనుండి రాయచోటికి వచ్చువారు గువ్వలచెరువు ఘాటు ఎక్కవలెను. అక్కడి పాలకోవ మాట అటుంచి, కనుమ యనుదానిని గూర్చి ఆలోచింపుడు. రెండు కొండల నడిమి కనుమలో, బాటవెంట చూచిన అదియే మిక్కిలి ఎత్తైన చోటు. ఈ కొండనుండి ఆ కొండకు చూచిన అదియే మిక్కిలి పల్లము. రెండు వాలులును సున్నయే, అయినను అది శిఖరము కాదు, గుంటయు కాదు. గణితజ్ఞులు దీనిని గుఱ్ఱపు జీనుతో పోల్చి పేరు పెట్టిరి. మాకు కనుమ యనుటయే ఇంపుగా నున్నది. "వాలు సున్న, కావున గరిష్ఠమో కనిష్ఠమో" అని వ్రాసి విద్యార్థి మార్కులు పోగొట్టుకొనునది ఇక్కడనే.

బహుళ సమాకలనము చెరువు లెక్క. చెరువును చిన్న చదరములుగా విభజించి, ఒక్కొక్క చదరమును అక్కడి లోతుచే గుణించి, అన్నిటిని కూడిన నీటి పరిమాణము వచ్చును. చదరములు చిన్నవగుకొలది లెక్క నిజమునకు చేరువగును. సమాకలనము చేయుటకంటె హద్దులు పెట్టుటయే కష్టము. కట్ట తిన్నగా నున్నను ఒడ్డు వంకర. తూర్పు పడమరల హద్దు, ఎంత ఉత్తరమున నున్నామను దానిపై ఆధారపడును. బొమ్మ గీయకుండ హద్దులు వ్రాయబూనుట చీకటిలో చేను కొలుచుట వంటిది.

ఇందువలన ఫలమేమని అడుగువారు తమ యింటి రేడియోను చూడవలెను. 1854లో కేంబ్రిడ్జియందు స్మిత్ బహుమాన పరీక్షకు స్టోక్స్ ఇచ్చిన ప్రశ్నలలో నొకటి నేడు స్టోక్స్ సిద్ధాంతమని పిలువబడుచున్నది. ఆ పరీక్ష వ్రాసినవారిలో మాక్స్‌వెల్ ఒకడు. అతడే 1865లో విద్యుదయస్కాంత సమీకరణములను ప్రకటించి, తరంగములు ఉండితీరవలెనని లెక్కతో చూపెను. 1880ల చివర హెర్ట్‌జ్ వానిని ప్రయోగశాలలో పుట్టించెను. ఇక 1828లో తన పేరిటి సిద్ధాంతమునకు మూలమైన గ్రంథమును అచ్చువేయించిన జార్జి గ్రీన్, నాటింగ్‌హామ్‌లో పిండిమర నడుపువాడు. చిన్ననాడు బడికి పోయినది స్వల్పకాలమే; నలుబదియేండ్ల వయస్సున గాని కేంబ్రిడ్జి చేరలేదు.

1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయమును వెలసిన తరువాత బాట దూరము తగ్గినది. తెలుగు బడినుండి వచ్చినవారికి ఆంగ్ల పుస్తకపు దూరము అంతగా తగ్గలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ప్రచురించిన గణిత గ్రంథమును ప్రక్కన నుంచుకొని ఆంగ్ల గ్రంథమును చదువుట మేలు.

పిల్లవాడైనను పిల్లయైనను "నాకు రాదు" అని వచ్చినపుడు మార్కుల కాగితము అడుగవలదు. ఒక లెక్కకు బొమ్మ గీయుమనుడు. ఆ హద్దులు ఎక్కడినుండి వచ్చినవో తల్లికి తెలుగులో చెప్పుమనుడు. చెప్పగలిగినచో ఆ యేడు చదువు మాన్పింపవలదు. చెప్పలేకపోయినచో, ఆ బొమ్మతోడనే మరునాడు అధ్యాపకునియొద్దకు పంపుడు.