పటం అడుగున ఉపగ్రహ చిత్రం, పైన మన గుర్తులు

(సంఘం శిక్షణా తరగతిలో ఒక రైతు కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



నేను పదో తరగతి చదివినవాణ్ణి. కంప్యూటర్ పాఠం చెప్పడానికి రాలేదు, ఒక దరఖాస్తు సంగతి చెప్పడానికి వచ్చాను.

మా ఊళ్లో పోడు చేసుకునే పెద్దాయన ఒకరు హక్కు పత్రం కోసం దరఖాస్తు పెట్టుకున్నారు. ఆఫీసులో ఉపగ్రహ చిత్రం చూపించి, "ఇక్కడంతా పచ్చగా ఉంది, ఇది అడవే" అని తిరగ్గొట్టారు. ఆ పచ్చదనం ఏమిటో మేం వెళ్లి చూశాం. వాళ్ల నాన్న నరక్కుండా వదిలేసిన ఇప్ప చెట్లు! వాటి మధ్యనే ఏటా జొన్న వేస్తున్నారు.

చిత్రం అబద్ధం చెప్పలేదు. చూసినవాళ్లు అడగాల్సిన మూడు ప్రశ్నలు అడగలేదు.

ఒకటి, ఎప్పటి చిత్రం? అటవీ హక్కుల చట్టానికి 2005 డిసెంబర్ 13 గీత. ఆనాటికి సాగులో ఉందా అన్నదే ప్రశ్న. వానాకాలం చిత్రంలో చేనూ పొదా రెండూ పచ్చగానే ఉంటాయి. ఎండాకాలం చిత్రంలో దున్నిన నేల బయటపడుతుంది. ఒక్క చిత్రంతో తీర్పు చెప్పకూడదు.

రెండు, చుక్క ఎంత? ఉపగ్రహ చిత్రం చుక్కల ముగ్గు లాంటిది. ల్యాండ్‌శాట్ చిత్రంలో చుక్క 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. ఎకరానికి నాలుగైదు చుక్కలే. ఒక్కో చుక్కలో రెండు మూడు పెద్ద చెట్లుంటే చేను కాస్తా అడవిగా కనబడుతుంది. సెంటినెల్-2 చుక్క 10 మీటర్లు, ఎకరానికి 40 చుక్కలు వస్తాయి. కానీ అది పైకి వెళ్లింది 2015లో. 2005 నాటి సాగు గురించి దాన్ని అడిగి లాభం లేదు.

మూడు, చిత్రం నేలమీద సరిగ్గా కూర్చుందా? కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు. గుడి మూల, బావి, కల్వర్టు లాంటి కదలని గుర్తుల దగ్గర నిలబడి సరిచూసుకోవాలి. ఫోన్‌లో జీపీఎస్ కూడా కొన్ని మీటర్లు తప్పుతుంది. గట్టు తగాదాకు మాత్రం సర్వే రాళ్లు, గొలుసు కొలతే దిక్కు.

అలాగని చిత్రాన్ని వదిలేయొద్దు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ ఉంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలూ ఉన్నాయి. పెద్ద కాగితం మీద అచ్చు వేయించి గ్రామసభలో పరచండి. వాగు, కుంట, బాట, సమాధులు, రాతి కట్టలు పెద్దల చేత, ఆడవాళ్ల చేత చెప్పించి గీయండి. తర్వాత ఆ కాగితం పట్టుకుని అందరూ కలిసి పొలం తిరగండి.

ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. 2012లో సవరించిన నియమాల ప్రకారం ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. పెద్దల వాంగ్మూలం రాసి పెడితే అదీ సాక్ష్యమే. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేయండి.

మా పెద్దాయన అప్పీలు గడువులోనే వేశాం. ప్రతి ఇప్ప చెట్టునూ పటంలో గుర్తించి జతచేశాం. ఇంకా తేలలేదు. కానీ ఈసారి "ఇది అడవే" అనాలంటే వాళ్లు పొలానికి వచ్చి, ఆ చెట్ల కింద నిలబడి అనాలి.