కోసిన పీఎఫ్ ఎక్కడికి పోయింది?



మేము హాస్టల్ వార్డెన్లం. మా దగ్గర వంటవాళ్లు, కామాటీలు, వాచ్‌మన్లు చాలామంది మనవాళ్లే. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగిస్తారు. జీతం మాత్రం రెండు మూడు నెలలకోసారి. అడిగితే ఏజెన్సీ ఆఫీసు మీదికి, ఆఫీసు బడ్జెట్ మీదికి నెడతాయి. (ఏజెన్సీ అంటే మన కొండలు కావు, మనుషుల్ని పంపే కాంట్రాక్టరు.)

ఒక కామాటీ అక్కకు నెలనెలా పీఎఫ్ అని కోసేవారు. మేము ఉమంగ్ యాప్‌లో ఆమె పాస్‌బుక్ తెరిపించాం. ఏడు నెలలు ఖాళీ! మన జీతంలో కోసిన 12 శాతం, యజమాని వాటాతో కలిపి, మరుసటి నెల 15వ తేదీలోపు కట్టాలి. ఖాళీ నెలలన్నీ రాసి పీఎఫ్ ఆఫీసుకు, ఐటీడీఏ గిరిజన దర్బార్‌కు అర్జీ పెట్టించి రసీదులు తీసుకున్నాం. "పనిలోంచి తీసేస్తారమ్మా" అని భయపెట్టినవాళ్లూ ఉన్నారు. తీసేయలేదు. నాలుగు నెలలవి జమయ్యాయి, మూడు నెలలవి ఇంకా రావాలి. వెంటపడుతూనే ఉన్నాం.

డిగ్రీ అయ్యి హైదరాబాద్ మాల్స్‌లో, గోడౌన్లలో చేరేవాళ్లు మొదటి నెలలోనే నియామక పత్రం, యూఏఎన్ నంబరు అడగండి. ఫోన్లు మీ చేతుల్లోనే ఉన్నాయిగా, ఇంట్లో అమ్మానాన్నల పాస్‌బుక్ కూడా ఈ రాత్రే తెరిచి చూడండి.